ఇర్రికి పాడం

కర్పూరం, పటిక, వాటి అడుగున ఎండుగడ్డి, దాని అడుగున ఏళ్లతరబడి దుమ్ము పట్టిన వెంట్రుకలు. పోయిన వారం ఇంటికి సున్నం వేయించడానికి నడవ గోడమీది జింక తలను దింపినప్పుడు గుప్పుమన్న వాసన అది. నాకు డెబ్బై అయిదు దాటాయి, పొయ్యిమీద ఉల్లిపాయ మాడుతున్నా కోడలు చెబితే తప్ప ముక్కుకు తెలియడం లేదు, ఈ వాసన మాత్రం ఎవరూ చెప్పకుండానే లోపలికి వచ్చి కూర్చుంది. మా మనవడు, పాతబడిన ఇలాంటి తలల్ని బాగుచేయడమే వృత్తిగా పెట్టుకున్న మనిషిని మధురై నుంచి పిలిపించాడు. ముప్పై ఏళ్లవాడు, మర్యాదస్తుడే, నేలమీద కూర్చుని టార్చిలైటు వేసి అరగంట సేపు తలను అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్లు మంచి గాజు అన్నాడు. కుట్టు ఎక్కడుందో దొరకడం లేదన్నాడు. ముక్కు, పెదవి, కంటి కింది గుంట, అన్నీ బాగా తెలిసినవాడి చేయి అన్నాడు. చివరికి ఎడమ చెవి దగ్గర ఆగి, నాలుక చప్పరించి, "ఇక్కడ మాత్రం తప్పు పడింది పాట్టీ, చెవి వెనక్కి తిరిగిపోయింది, తడిపి ముందుకు తిప్పేస్తాను" అని అరవంలో అన్నాడు. పాట్టీ అంటే వాళ్ల మాటలో అవ్వ.

నాకు ఒళ్లు మండింది. అతని చేతిని పక్కకు తోసి తలను లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను. పాపం అతను బిత్తరపోయాడు. ఆ చెవి ఎందుకలా ఉందో తెలిసినవాళ్లు ఒకప్పుడు ముగ్గురం ఉండేవాళ్లం, ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను, నేను కూడా ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాది కోవిల్‌పట్టికి నాలుగు మైళ్ల దూరాన నల్లరేగడిలో ఒక చిన్న ఊరు. మా ఇళ్లలో తెలుగు నోటికే తప్ప చేతికి లేదు, గడప దాటితే అరవమే. నేను ఈ అక్షరాలు నేర్చుకున్నది పెళ్లయ్యాక, రైల్వేలో పనిచేసే మా ఆయన వెంట గూడూరులో కాపురం పెట్టిన రోజుల్లో. జింకను ఇర్రి అన్నానని అక్కడ ఒకావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వితే నవ్వింది, మా ఊళ్లో ఇర్రి ఇర్రే. ఐప్పసిలో, అంటే దీపావళి వచ్చే నెలలో, వానలు పడి, రేగడి మన్ను కాలికి అంటుకుని అడుగడుగుకూ ఒక చెప్పు మందం పెరుగుతూ పోయే రోజుల్లో, సజ్జచేలూ పత్తిచేలూ మొలకెత్తి కనుచూపు మేర పచ్చబడినప్పుడు, ఇర్రులు ముప్పై నలభై ఒక్కసారిగా ఆ చివర నుంచి ఈ చివరకు గెంతుకుంటూ పోయేవి, మగవి నల్లగా మెలితిరిగిన కొమ్ములతో, ఆడవి ఎర్రమన్ను రంగులో, అన్నిటికీ పొట్ట కింద సున్నం వేసినంత తెలుపు. ఎండాకాలం వస్తే అదే నేల నోళ్లు తెరిచేది, ఆ నెర్రెల్లో నా బలపాలు ఎన్ని పడిపోయాయో లెక్కలేదు. అప్పుడు మాకు అచ్చనగాయలూ, వామనగుంటలూ, తాటిముంజలూ తప్ప వేరే లోకం లేదు.

సిన్నోడిని తెచ్చింది మా అవ్వ, అంటే మా నాయన తల్లి. పత్తిచేలో కలుపు తీయిస్తుంటే, రెండు సాళ్ల మధ్య నేలకు అంటుకుపోయి పడుకున్న ఇర్రిపిల్ల ఆమె కాలికి తగిలిందట. తల్లి కోసం సాయంత్రం దాకా చూసి, రాకపోయేసరికి కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. మేకపాలలో గుడ్డవత్తి ముంచి చప్పరింపజేసింది. నాకు అప్పుడు మూడేళ్లు, కాబట్టి ఇదంతా విన్నదే. నాకు బుద్ధి తెలిసేసరికి సిన్నోడు ఇంటి మనిషే. అవ్వ వాడికి పెట్టే సజ్జకూడు, అందులో పోసే మజ్జిగ, పక్కన పెట్టే వేరుసెనగ గింజలు చూసి నేను ఏడిస్తే, "నీకు రెండు కాళ్లు, వానికి నాలుగు, వానికి ఎక్కువ కావాల గదా" అనేది. ఆ లెక్క నాకు న్యాయంగానే తోచేది.

వాడు పగలంతా నడవలో స్తంభం పక్కన వీధివైపు ముఖం పెట్టి నిలబడేవాడు. వంటిల్లు వాడికి ఎడమవైపు వెనకగా ఉండేది. పొద్దెక్కాక అవ్వ లోపలి నుంచి, "సిన్నోడా, రారా నాయనా, కూడు ఆరిపోతాంది" అని పిలిచేది. ఆ పిలుపులో 'రారా' దగ్గర గొంతు సాగి, 'నాయనా' దగ్గర కిందికి దిగేది. వాడు తల తిప్పేవాడు కాదు, కదిలేవాడూ కాదు. ముందు ఎడమ చెవి ఒక్కటే మెల్లగా వెనక్కి తిరిగేది. కుడి చెవి వీధిలోనే ఉండేది, పోయేవాళ్లనీ వచ్చేవాళ్లనీ వింటూ. ఆ తర్వాత ఎప్పుడో కాళ్లు కదిలేవి. నేను స్తంభానికి అవతల కూర్చుని ఆ చెవి తిరగడం కోసమే కాచుకునేదాన్ని.

దీపావళికి అవ్వ అరిసెలు వత్తి, చిట్టిముత్యాలంత నువ్వులు అద్ది, నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కి పెట్టేది. కాని టపాకాయలు మొదలయ్యాయంటే ఆ పనంతా మా అమ్మకు వదిలేసి, సిన్నోడిని పత్తి పోసిన కొట్టులోకి తీసుకుపోయి, వాడి రెండు చెవులూ రెండు చేతులతో మూసి, వీధి సద్దుమణిగే దాకా అక్కడే కూర్చునేది. వాడు బెదిరినప్పుడు కంటి కింద ఉన్న నల్లటి గుంట తెరుచుకునేది. మామూలు రోజుల్లో అది గీతలాగా మూసుకుని ఉంటుంది, కుక్క మొరిగితేనో, చప్పుడు వింటేనో తెరుచుకుంటుంది. అవ్వ ఆ గుంట మీద వేలు పెట్టి చూసి, "ఇంకా బయం పోలేదు" అనేది.

తాత సంగతి వేరు. ఆయన ఎడ్ల మనిషి. ఎక్కడ సంత జరిగినా పోయి, ఎద్దు పెదవి ఎత్తి పళ్లు చూసి, వీపుమీద సుడులు లెక్కపెట్టి, తోక పట్టి చూసి, కొనకుండా తిరిగివచ్చేవాడు. సిన్నోడిని తాకగా నేను చూడలేదు. అవ్వతో నేరుగా మాట్లాడగా కూడా చూడలేదు. "అవ్వా, వాళ్లకు మజ్జిగ కావాలంట" అని నాతో చెప్పించేవాడు, ఆ 'వాళ్లు' తనే. నాకు ఏడో ఏడు నడుస్తుండగా అవ్వ పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. తాత ఏడవలేదు. ఇంట్లో ఆమె మాట ఎత్తలేదు. సిన్నోడు మాత్రం నడవలో ముఖం మార్చి వంటింటి వైపు తిరిగి నిలబడడం మొదలుపెట్టాడు, మా అమ్మ పెట్టిన కూడు సగం వదిలేసేవాడు.

ఆ మరుసటేడు ఎండల్లో నాకు అమ్మవారు పోసింది. లోపలి గదిలో వేపాకు మీద పడుకోబెట్టి, గడపకు వేపకొమ్మ కట్టారు. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ తాళింపు వేయకూడదు, తల దువ్వకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా చావు మాట నోట రాకూడదు. ఆ పట్టింపు ఎంతగా ఉండేదంటే, మా అమ్మ దీపం ఆరిందని కూడా అనేది కాదు, దీపం నిండిందనేది. సరిగ్గా ఆ రోజుల్లోనే, అందరూ నా చుట్టూ ఉండగా, సిన్నోడు వాకిలి దాటి పోయాడు. ఊరి బయటి పత్తి మిల్లు కుక్కలు తరిమాయి. కాటు కూడా పడలేదట, ఇంటిదాకా పరిగెత్తుకొచ్చి, వంటింటి గడప ముందు పడుకుని, మళ్లీ లేవలేదు. ఇదంతా నాకు చాలా తర్వాత తెలిసింది.

ఒంటి మీద పొక్కులు ఎండుతుండగా నేను అడిగిన మొదటి మాట సిన్నోడేడని. అమ్మ తల దించుకుంది. గుమ్మం అవతల నిలబడిన తాత గొంతు సవరించుకుని, "విరుదుపట్టి పోయుండాడు తల్లీ. పాడం చేయిస్తాము" అన్నాడు. విరుదునగరం అని పేరు మారి అప్పటికి కొన్నేళ్లయినా పెద్దవాళ్లు విరుదుపట్టి అనే అనేవారు.

ఇక్కడే మా భాష నా కొంప ముంచింది. మా వాళ్లకు ఒత్తులు పలకవు. పాఠం మా నోట్లో పాడమే. అరుగుబడిలో వాత్తియారు చెప్పేదీ పాడమే, అరవంలోనూ పాడమే. చచ్చిన జంతువు తోలు తీసి, కుళ్లకుండా మందు పూసి, లోపల గడ్డి కూరి, బతికున్నట్లు నిలబెట్టడాన్ని కూడా అరవంలో పాడం చేయడమనే అంటారని నాకేం తెలుసు? తాత అబద్ధమాడలేదు. ఉన్నమాటే చెప్పాడు. నేను విన్నది మాత్రం, సిన్నోడిని చదువుకు పంపారని.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మా ఊళ్లో ఆడపిల్లల్ని బడికి పంపడమే గొప్ప, అలాంటిది ఇర్రిని పంపిన ఇల్లు మాది. మూడో నీళ్లు పోయగానే పావడ ఎగ్గట్టుకుని ఊరంతా తిరిగి చెప్పాను. "మా సిన్నోడు విరుదుపట్టిలో పాడం చేసుకుంటా ఉండాడు." పెద్దవాళ్లు తల ఊపారు. చెప్పింది నిజమే గదా. ఒకావిడ కళ్లు తుడుచుకుని, "మీ తాతకు ఎంత ఆస" అంది. నేను కూడా అదే అనుకున్నాను, ఎంత ఆశ లేకపోతే ఇర్రిని చదివిస్తాడని. ఆ నాలుగు నెలలూ ఎక్కాలు ఎన్నడూ లేనంత బుద్ధిగా చదివాను. వాడు తిరిగివచ్చేసరికి నేను వెనకబడితే పరువేమవుతుందని నా భయం.

ఐప్పసి మొదట్లో, దీపావళి ఇంకా పది రోజులుందనగా, తాత నన్ను పిలిచి, "రేపు విరుదుపట్టి పోదాము తల్లీ. ఇద్దరు మేస్త్రీలు ఉండారంట. ఎవరి కాడ ఇయ్యాలో నువ్వే చూసి చెప్పాల. వాని మొకం నీకు తెలిసినట్ల ఇంగెవరికీ తెలీదు" అన్నాడు. అంటే వాత్తియారును ఎంచే పని నాది. ఇన్నాళ్లూ ఏ వాత్తియారు దగ్గరా చేర్చలేదా అని అనుమానం వచ్చింది గాని, ఆ వయసులో అనుమానాలు ఎంతసేపు నిలుస్తాయి? రాత్రంతా మూడు ప్రశ్నలు వల్లె వేసుకున్నాను. బెత్తంతో కొడతారా? ఎండపొద్దున కూడు పెడతారా? దీపావళికి ఇంటికి పంపుతారా? పావడ చెంగున గుప్పెడు వేరుసెనగ గింజలు మూట కట్టుకున్నాను.

కోవిల్‌పట్టిలో రైలెక్కాము. బొగ్గు నలుసులు కళ్లలో పడుతున్నా కిటికీ వదల్లేదు. సాత్తూరులో తాత లేత దోసకాయలు కొని, కొడవలితో చీల్పించి ఉప్పూ కారం అద్ది ఇచ్చాడు. అంత తియ్యటి దోసకాయ మళ్లీ తినలేదు, బహుశా దాని తర్వాత జరిగినదానివల్లే అది అంత తియ్యగా జ్ఞాపకం ఉందేమో. విరుదునగరంలో దిగితే ఊరంతా మిరపకాయల ఘాటు, నూనెగానుగల వాసన, మూటలు మోసేవాళ్ల కేకలు. స్టేషను వెనక వీధిలో మొదటి మేస్త్రి అంగడి. తలుపు తీసే ఉంది. తాత చెప్పులు విడిచేలోపలే నేను లోపలికి తొంగిచూశాను.

మసక వెలుతురులో ఇర్రి నిలబడి ఉంది. నల్లటిది, మెలితిరిగిన కొమ్ములది.

"సిన్నోడా!" అని పరిగెత్తి మెడకు చేతులు వేశాను. లోపల గడ్డి చప్పుడైంది. మెడ చెక్కలాగా బిగుసుకుని ఉంది. నా చేతికి వెంట్రుకలు కుచ్చుగా ఊడి వచ్చాయి. ఏదో జబ్బు చేసిందనుకున్నాను. గబగబా ముడి విప్పి వేరుసెనగ గింజలు నోటి దగ్గర పెట్టాను. పెదవి ముడుచుకుపోయి పళ్లు బయటికి కనబడుతున్నాయి, గింజలు ఆ పళ్లకు తగిలి టపటపమని నేలమీద పడ్డాయి. కళ్లలోకి చూశాను. గోలీలు. ఇర్రి కంటిలో నల్లపాప అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది, ఇక్కడ గుండ్రంగా, బొమ్మకు పెట్టినట్లు పెట్టారు. చెవులు ఎండిన అప్పడాల్లా వంకర తిరిగాయి. మెడ కింద గోనెసంచికి వేసినట్లు పురికొసతో కుట్టు. కర్పూరం వెనక నుంచి కుళ్లువాసన మెల్లగా వస్తోంది.

మేస్త్రి నవ్వుతూ, పాడం ఎలా ఉందమ్మా అని అరవంలో అడిగాడు.

పాడం. అప్పుడు అర్థమైంది. ఒక్క మాట ఒక్క క్షణంలో ఇంకో మాటగా మారిపోవడం నేను ఆ రోజు చూశాను, ఈ వయసు వచ్చినా అంత దెబ్బ మళ్లీ తినలేదు. నాలుగు నెలలు బతికిన నా సిన్నోడు ఆ అంగడిలో ఆ నిమిషాన చచ్చిపోయాడు. నేను చేతిలో మిగిలిన వెంట్రుకల వైపు చూస్తూ నిలబడిపోయాను. నా వెనక తాత, పాపం, తనకు తెలిసిన ఒకే పద్ధతిలో ఆ బొమ్మ వీపుమీద సుడులు లెక్కపెడుతున్నాడు. పెదవి ఎత్తి పళ్లు చూడబోయి, అది అప్పటికే ఎత్తుకుపోయి ఉండడం చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు నన్ను చూశాడు.

"సిన్నోడు చచ్చిపోయినాడా?" అని అడిగాను.

తాత ముఖం అలా పాలిపోవడం నేను అవ్వ పోయినప్పుడు కూడా చూడలేదు. "నీకు తెలీదా తల్లీ? ఊరంతా నువ్వే చెప్పుకుంటివే" అన్నాడు. నేను బడి అనుకున్నానన్నాను. ఆయన అంగడి మెట్టు మీద కూలబడ్డాడు. నన్ను ఎత్తుకున్నాడు, ఏడేళ్లు నిండాక నన్ను ఎవరూ ఎత్తుకోలేదు. "వద్దులే తల్లీ, ఏమీ వద్దు. ఇంటికి పోదాము" అని వీధి చివరదాకా అదే అన్నాడు.

"సిన్నోడు ఎక్కడుండాడు ఇప్పుడు?"

తాత నన్ను కిందికి దించి చెప్పాడు. తోలూ కొమ్ములూ ఉప్పు పట్టించి, ఎండబెట్టి, ఈ ఊళ్లోనే తన స్నేహితుడైన మిరపకాయల వ్యాపారి గోదాములో గోనెమూటలో దాచారట. మిరపకాయల మూటల మధ్య. ఇంటికి పోతే వాడు ఆ మూటలోనే ఉంటాడు గదా? ఇప్పుడు వెనక్కి తిరిగితే నేనే వాడిని అక్కడ వదిలేసినట్లు. "ఇంగో మేస్త్రి కాడికి పోదాము" అన్నాను. "వీనికి మాత్రం ఇయ్యద్దు. వీని ఇర్రి కుక్కను చూసినట్ల ఉండాది. కంటికింద గుంట తెరిచి పెట్టినాడు." ఆ సంగతి చూసినట్లు నాకే తెలియదు, నోటివెంట వచ్చేసింది. బెదిరిపోయిన ముఖంతో దాన్ని ఎప్పటికీ నిలబెట్టేశాడు ఆ మనిషి. నాకు కోపం రావడం అప్పుడు మొదలైంది.

రెండో మేస్త్రి ఊరి చివర పెంకుటింట్లో ఉన్నాడు. సవరిముత్తు అని పేరు, వేదంలో కలిసిన, అంటే కిరస్తానీ, కుటుంబం, మదరాసులో ఎవరో దొర దగ్గర పని నేర్చుకున్నాడట. పెరట్లో తొట్టెలో పటికనీళ్లు, అరుగు మీద బంకమట్టి ముద్దలు. అంగడి లేదు, బోర్డు లేదు. లోపల బల్లమీద ఒక్క ఇర్రి తల ఉంది. తాత అరవంలో మాట్లాడుతూ మళ్లీ సుడుల కోసం మెడ వెనక వెతికాడు. మేస్త్రి, ఇందులో విషం పూశాను, తాకితే చేయి కడుక్కోవాలని నన్ను దూరంగా నిలబెట్టి, కంటితో చూడమన్నాడు.

చూశాను. నల్లపాప అడ్డంగా ఉంది. కంటి చుట్టూ తెల్లటి వలయం చెదరలేదు. కంటి కింది గుంట గీతలాగా మూసుకుని ఉంది. ముక్కు తడిగా ఉన్నట్లే మెరుస్తోంది. పెదవులు కలిసి ఉన్నాయి, ఇప్పుడే ఏదో నమలడం ఆపినట్లు. కుట్టు ఎక్కడా లేదు, ఊడిన వెంట్రుక లేదు, కుళ్లువాసన లేదు. నా చేయి దానంతటదే చెంగు ముడి మీదికి పోయింది, గింజలన్నీ మొదటి అంగడిలోనే పడిపోయాయని అప్పుడు గుర్తొచ్చింది. మొదటిది చూసి భయపడ్డాను. దీన్ని చూసి అంతకంటే ఎక్కువ భయపడ్డాను. ఇంత బాగా చేయడం మనుషులకు వచ్చునా? వస్తే మరి?

ఆ ఇంట్లో అందరూ అరవమే మాట్లాడతారు గదా, ఎవరికీ అర్థం కాదులే అనుకుని తెలుగులో అడిగేశాను. "తాతా, ఇంత బాగా చేసేవాళ్లు ఉండారు గదా. అవ్వకేంటికి పాడం చేయించలేదు?"

తాత చేయి ఆ తల మీద అలాగే ఆగిపోయింది. నేనేం తప్పు మాట్లాడానో తెలియక మేస్త్రి వైపు చూశాను. ఆయన మట్టిచేతులు గుడ్డకు తుడుచుకుంటూ, మా ఇంట్లో మాట్లాడే తెలుగులోనే అన్నాడు.

"మనిసికి చేయరమ్మా. మనిసి ఎట్ల ఉన్నిందో చెప్పుకునేకి ఇంట్లోవాళ్లు ఉంటారు గదా. ఇర్రి గురించి ఎవరు చెప్పుకుంటారు? నీ ఇర్రి ఎట్ల ఉన్నిందో చెప్పు, ఇంటాను."

ఆయనకు తెలుగు వస్తుందనే ఆశ్చర్యంలోనే నేను చెప్పడం మొదలుపెట్టాను. మీ తల బాగుంది గాని రెండు చెవులూ ఒకేలాగా ముందుకు ఉన్నాయి, మా వాడు అలా ఉండడు అన్నాను. అవ్వ పిలిస్తే ఎడమ చెవి వెనక్కి పోతుందని, కుడిది పోదని, తల తిప్పడని చెప్పాను. మేస్త్రి బల్ల పక్కకు జరిగి, "చెవి ఎంత దూరం తిరుగుతాది? మెల్లంగానా, టక్కునా? ఎట్ల పిలుస్తాది మీ అవ్వ?" అని అడిగాడు. నాకు మాట గుర్తుంది, ఆ సాగదీత రాలేదు. రెండుసార్లు ప్రయత్నించి తాత వైపు చూశాను.

తాత గోడ వైపు తిరిగాడు. "సిన్నోడా," అన్నాడు. ఆగాడు. "రారా నాయనా, కూడు ఆరిపోతాంది."

అచ్చం అవ్వే. 'రారా' దగ్గర సాగి, 'నాయనా' దగ్గర దిగింది. నలభై ఏళ్ల కాపురంలో ఆమెతో నేరుగా నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆమె పేరు ఎత్తని మనిషి, ఆ గొంతును ఎక్కడ దాచుకున్నాడో, ఎన్నాళ్లనుంచి దాచుకున్నాడో! మేస్త్రి ఒక మట్టిముద్ద తీసుకుని చెవి చేసి, నాకు చూపించాడు. ఇంకాస్త వెనక్కి అన్నాను. ఇంకాస్త తిప్పాడు. ఇంకొంచెం కిందికి అన్నాను. అలా ఎన్నిసార్లు దిద్దించానో, చివరికి చాలు అన్నాను. తాత ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నాడు.

ఆ ఏడు దీపావళికి నేను టపాకాయలు ముట్టలేదు. చలికాలం చివర్లో కోవిల్‌పట్టి స్టేషనుకు చెక్కపెట్టెలో, గడ్డిలో చుట్టిన సిన్నోడి తల వచ్చింది. ఊళ్లో వాళ్లంతా చూడడానికి వచ్చి, పని బాగుంది గాని చెవి తిరిగిపోయిందే, మేస్త్రి మోసం చేశాడు, తిప్పి పంపండి అన్నారు. వడ్రంగి ఒక గోడకు మేకు కొడితే తాత ఊడదీయించి, స్తంభం పక్క గోడకు తనే కొలత చూసి కొట్టించాడు, వీధి ముందుండేలా, వంటిల్లు ఎడమవైపు వెనకగా ఉండేలా. నేను ఏడాదిపాటు ఆ గోడ వైపు చూడకుండా తల వంచుకుని నడిచాను. తాత మాత్రం దాని కిందే మంచం వేయించుకున్నాడు.

ఇప్పుడు ఆ ఊళ్లో మా ఇల్లు లేదు, తలను కోవిల్‌పట్టి ఇంటికి తెచ్చుకున్నాను. సజ్జచేలు పోయాయి, ఇర్రులు గెంతిన మేరంతా ముళ్లతుమ్మ కమ్మేసింది. గ్యాసుపొయ్యి వచ్చాక వంటిల్లు ముందుకు జరిగింది, సిన్నోడి ఎడమ చెవి ఇన్నేళ్లుగా మా మనవడి స్కూటరును వింటోంది. మనవలకు తెలుగు అర్థమవుతుందంటారు, నాకైతే నమ్మకం లేదు. పాడం అంటే వాళ్లకు పరీక్ష ఒక్కటే.

మధురై మనిషి ఇంకా నా ఎదురుగా కూర్చునే ఉన్నాడు. దుమ్ము దులుపు, పురుగు పట్టకుండా మందు వెయ్యి, చెవి జోలికి మాత్రం రావద్దన్నాను. సరే పాట్టీ, కాని ఎందుకని అడిగాడు. అరవంలో చెప్పబోయాను. మాటలన్నీ ఉన్నాయి, వాటిలో అవ్వ లేదు. అందుకని తల ముఖాన్ని వీధివైపు తిప్పి ఒళ్లో సరిగ్గా పెట్టుకుని, పిలిచాను.

"సిన్నోడా, రారా నాయనా, కూడు ఆరిపోతాంది."

నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. అప్పుడు ఎంత ప్రయత్నించినా రాని సాగదీత, ఎవరూ నేర్పకుండానే, ముసలితనంతో పాటు వచ్చి చేరింది. ఇంట్లో కోడలుంది, మనవడున్నాడు, సున్నం వేసేవాళ్లున్నారు, ఒక్కరూ ఇటు తిరిగి చూడలేదు. ఒళ్లో ఉన్నవాడి ఎడమ చెవి ఒక్కటే నావైపు తిరిగి ఉంది.